కంపెనీ వకీలు ముందొస్తాడు, మన వకీలు ఆఖర్న వస్తాడు

చేలో టవరు పునాదికి గుంట తవ్వడం మొదలైన రోజున మనకు లాయరు గుర్తొస్తాడు. కంపెనీకి అలా కాదు. ఆ గుంట ఎక్కడ తవ్వాలో మ్యాపు మీద గీత గీసిన రోజునే ఆ మ్యాపు పక్కన లాయరు కూర్చుని ఉంటాడు. ఏ చట్టం కింద వస్తే గ్రామసభ అడ్డు ఉండదు, ఏ సెక్షన్ కింద నోటీసిస్తే అభ్యంతరాల గడువు తక్కువ, ఏ పనికి పర్యావరణ అనుమతి అక్కర్లేదు - ఇవన్నీ తేలిన తర్వాతే సర్వేయరు మన గట్టెక్కుతాడు. మనం చేతులు కాలాక ఆకుల కోసం వెతుకుతాం. దొరికిన ఆకు వాడిపోయిందని లాయరును తిట్టుకుంటాం.

ఈ నెల మేము రాయదలచుకున్నది ఆ లాయరు గురించే. కంపెనీ లాయరు గురించి, మనకు లేని లాయరు గురించి.

అమెరికాలో లా ఆఫీసుల బోర్డుల మీద మూడు పేర్లు పక్కపక్కనే కనిపిస్తాయి: ఎనర్జీ, ఎమినెంట్ డొమైన్, ఎన్విరాన్‌మెంట్. మొదటిది కరెంటు, గ్యాసు, చమురు. మూడోది గాలి, నీరు, నేల. నడుమ ఉన్న ఎమినెంట్ డొమైన్ అంటే ఎవరి భూమినైనా ప్రజాప్రయోజనం పేరుతో, పరిహారం ఇచ్చి, యజమాని ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా తీసుకునే సర్కారు అధికారం. మన దగ్గర దాన్ని భూసేకరణ అంటాం. మూడూ ఒకే లాయరు చేతిలో ఎందుకుంటాయంటే, పని ఒక్కటే కాబట్టి. ప్లాంటు కట్టాలంటే భూమి కావాలి. భూమి దొరికినా అనుమతి కావాలి. అనుమతి వచ్చినా తయారైన సరుకు బయటికి వెళ్లడానికి లైనో పైపో కావాలి. మన దేశంలోనూ పెద్ద కంపెనీలకు పనిచేసే లా ఆఫీసులు ఈ మూడింటినీ ఒకే దారంగా చూస్తాయి. పాతికేళ్లు ఇదే పని చేసిన లాయరుకు మన మండలంలో ఏ సర్వే నంబరు అసైన్డు, ఏది పట్టా అన్నది కూడా మనకంటే ముందే తెలుస్తుంది.

మన వైపు చూడండి. పరిహారానికి తాలూకా కేంద్రంలో ఒక ప్లీడరు. పొగ గురించి, బూడిద గురించి ఎవరైనా ఎన్జీవో వాళ్లొస్తే వాళ్లు. లైను గురించి అయితే ఎవరూ లేరు, లైన్‌మన్‌ను అడుగుతాం. మూడు ముక్కలూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవు. పర్యావరణ అనుమతికి సంబంధించిన ప్రజాభిప్రాయ సేకరణలో మనం లేచి 'ఎకరానికి ఎంతిస్తారు' అని అడుగుతాం. ఆ మాట మినిట్స్‌లోకి ఎక్కుతుంది. రేపు కంపెనీ లాయరు ఆ మినిట్స్ చూపించి 'వీళ్లకు ప్లాంటు మీద అభ్యంతరం లేదు, రేటు మీదే అభ్యంతరం' అంటాడు. తప్పు అతనిది అనలేం. అతని పని అతను చేశాడు.

చట్టంలో మనకేమీ లేదన్న మాట ఊళ్లలో బాగా పాతుకుపోయింది. మేము ఒప్పుకోం. ఉన్నది తక్కువే, కానీ ఉన్నదంతా తారీకులకు కట్టేసి ఉంది. 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న 2013 భూసేకరణ చట్టాన్నే తీసుకోండి. సెక్షన్ 11 కింద ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరం చెప్పడానికి 60 రోజులు. ఈ అభ్యంతరం రేటు గురించి కాదు. ఇంత భూమి ఎందుకు, ఇక్కడే ఎందుకు, ఇది ప్రజాప్రయోజనం ఎలా అయింది అని అడగడానికి. ఆ 60 రోజుల్లో అడగని ప్రశ్నను తర్వాత ఏ కోర్టులో అడిగినా 'అప్పుడేం చేశారు' అంటారు. డిక్లరేషన్ వచ్చిన 12 నెలల్లోపు అవార్డు ఇవ్వకపోతే, గడువు పొడిగించకపోతే, మొత్తం ప్రక్రియ రద్దయిపోతుంది. ఆ 12 నెలలు లెక్కపెట్టే మనిషి ఊళ్లో ఉన్నాడా?

అవార్డు వచ్చాక పరిహారం చాలదనుకుంటే సెక్షన్ 64 కింద కలెక్టరుకు దరఖాస్తు పెట్టాలి. అవార్డు ఇచ్చేటప్పుడు మనం అక్కడ ఉంటే ఆరు వారాలే గడువు. ఇక్కడ మనవాళ్లు ఏటా పోగొట్టుకునే డబ్బు చెప్పనలవి కాదు. చెక్కు ఇచ్చేటప్పుడు రసీదు మీద సంతకం పెట్టిస్తారు. 'అభ్యంతరంతో తీసుకుంటున్నాను' అన్న మాట రాయకుండా డబ్బు తీసుకున్న రైతుకు సెక్షన్ 64 తలుపు మూసుకుపోతుంది. సెక్షన్ 77లో ఈ సంగతి స్పష్టంగా ఉంది. రెండే రెండు పదాలు. ఆ రెండు పదాలు రాయమని చెప్పే మనిషి ఆ రోజు ఆర్డీవో ఆఫీసు వరండాలో ఉండడు. సమ్మతి ఒప్పందం మీద సంతకం చేయించాలనుకునే మనిషి మాత్రం తప్పకుండా ఉంటాడు.

ఇంకోటి. ఒకే నోటిఫికేషన్ కింద భూములు పోయిన వారిలో ఒక రైతు కోర్టుకెళ్లి రేటు పెంచుకుంటే, వెళ్లని పక్క రైతు కూడా ఆ రేటే తనకివ్వమని మూడు నెలల్లో కలెక్టరును అడగొచ్చు. పాత 1894 చట్టంలో ఇది సెక్షన్ 28ఏ, కొత్త చట్టంలో సెక్షన్ 73. పక్క చేను వాడికి తీర్పొచ్చిందని మనకు తెలిసేసరికి ఆ మూడు నెలలు దాటిపోతాయి. దీనికి పెద్ద పెద్ద సీనియర్ న్యాయవాదులు అక్కర్లేదు. తీర్పు వచ్చిన రోజు ఊరికి ఫోన్ చేసే ఒక్క జూనియర్ చాలు.

అసైన్డు భూమి ఉన్నవాళ్లకు ఇంకా ఘోరం. 'ఇది సర్కారు భూమే, వెనక్కి తీసుకుంటున్నాం' అని ఇప్పటికీ బెదిరిస్తున్నారు. మేకల పాండు కేసులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లోనే చెప్పింది: అసైన్డు భూమి తీసుకున్నా పట్టా భూమితో సమానంగా మార్కెట్ విలువ ఇవ్వాల్సిందేనని. ఇరవై ఏళ్లు దాటింది. తహశీల్దారు ఆఫీసులో ఆ తీర్పు పేరెత్తిన వాడికి ఇచ్చే మర్యాద వేరు, ఎత్తని వాడికి ఇచ్చే మర్యాద వేరు.

ఇదంతా భూమి పూర్తిగా తీసుకునేటప్పుడు. భూమి మన పేరునే ఉంచి దాని ప్రాణం తీసుకునే పద్ధతి ఇంకొకటుంది, అదే ఇప్పుడు ఎక్కువ. కరెంటు లైన్లు, గ్యాసు పైపులు.

లైన్లకు భూసేకరణ లేదు. 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 164 కింద లైను వేసే సంస్థకు 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టపు అధికారాలు కట్టబెట్టారు. తంతి స్తంభాలు పాతడానికి తెల్లదొరలు రాసుకున్న చట్టం అది. టెలిగ్రాములు 2013 జులైలో ఆగిపోయాయి. ఆ అధికారం మాత్రం 400 కేవీ టవర్ల రూపంలో మన చేలల్లో తిరుగుతోంది. ఆ చట్టం ప్రకారం లైను వేసేవాడికి భూమి మీద హక్కేమీ రాదు, వాడుకునే హక్కే వస్తుంది. చెవికి ఎంత ఇంపుగా ఉంది! హక్కు రాదు కాబట్టి భూమి ధర ఇవ్వక్కర్లేదు, జరిగిన 'నష్టం' ఇస్తే చాలని ఏళ్లతరబడి పంట నష్టం లెక్కగట్టి చేతిలో పెట్టారు. వేరుశనగ ఒక పంట పోతే ఒక పంట డబ్బులు. లైను మాత్రం మనవళ్ల కాలం వరకూ ఉంటుంది. లైను కింద ఇల్లు కట్టలేం, పామాయిలో కొబ్బరో మామిడో పెంచలేం, అమ్మబోతే కొనేవాడు రాడు, బ్యాంకువాడు తనఖాకు ముఖం తిప్పుకుంటాడు.

కేంద్ర విద్యుత్ శాఖ 2015 అక్టోబరులో మార్గదర్శకాలిచ్చింది: టవరు కాళ్ల కింది నేలకు భూమి విలువలో 85 శాతం, తీగల కింద కారిడార్‌కు గరిష్ఠంగా 15 శాతం. 2024 జూన్‌లో వాటిని మార్చి టవరుకు 200 శాతం, కారిడార్‌కు 30 శాతం అన్నారు. లెక్క వేసి చూద్దాం. 400 కేవీ లైను కారిడార్ వెడల్పు 46 మీటర్లు. మన చేలో వంద మీటర్ల పొడవున లైను పోయిందంటే 4600 చదరపు మీటర్లు, అంటే ఎకరా 13 సెంట్ల పైచిలుకు. ఎకరం 20 లక్షలనుకుంటే, పాత లెక్కన ఆ కారిడార్‌కు ఎక్కువలో ఎక్కువ 3 లక్షల 40 వేలు, కొత్త లెక్కన 6 లక్షల 80 వేలు. తేడా సగానికి సగం. అయితే ఇవి మార్గదర్శకాలు మాత్రమే. రాష్ట్రం తన ఉత్తర్వు ఇవ్వాలి, ఆ ఉత్తర్వులో భూమి విలువ ఎవరు కడతారో రాయాలి, రిజిస్ట్రేషన్ కార్యాలయం విలువా, నిజంగా ఊళ్లో నడిచే ధరా అన్నది తేలాలి. ఈ మూడు చోట్లా లైను కంపెనీ తరఫున మాట్లాడేవాళ్లుంటారు. రైతు తరఫున వినతిపత్రం ఉంటుంది.

కలెక్టరు చెప్పిందే ఆఖరు మాట అనుకుని చాలామంది అక్కడితో ఆగిపోతారు. పరిహారం చాలకపోతే టెలిగ్రాఫ్ చట్టం సెక్షన్ 16(3) కింద జిల్లా జడ్జి దగ్గరకు వెళ్లొచ్చు. కేరళ విద్యుత్ బోర్డు, లివిషా కేసులో 2007లో సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, పరిహారం కట్టేటప్పుడు భూమి ఎక్కడుంది, లైను భూమి మీద ఎంత ఎత్తున పోతోంది, దానివల్ల భూమి విలువ ఎంత తగ్గింది అన్నవి చూడాలని. అంటే పంట నష్టం ఒక్కటే లెక్క కాదు. కేరళలో రబ్బరు, కొబ్బరి తోటల యజమానులు జిల్లా కోర్టుల చుట్టూ ఓపిగ్గా తిరిగి తెచ్చుకున్న మాట ఇది. మన జిల్లాల్లో ఈ దారి తొక్కినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

గ్యాసు పైపులది 1962 చట్టం. నోటిఫికేషన్ వచ్చిన 21 రోజుల్లో అభ్యంతరం చెప్పాలి. వాడుక హక్కు తీసుకున్నందుకు భూమి విలువలో ఇచ్చేది 10 శాతం. ఆ పట్టీలో ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. కోనసీమలో చెట్టు నాటకూడదంటే ఆ భూమికి అర్థమేమిటో ఆ చట్టం రాసినవాళ్లకు తెలియదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో పైపులైను పేలినప్పుడు ఇళ్లూ తోటలూ మనుషులూ కలిసి కాలిపోయారు. ఆ పది శాతంలో ఆ ప్రమాదం ఖరీదు ఎక్కడుంది? ఈ ప్రశ్న చట్టసభలో అడగాల్సింది, నిజమే. కోర్టులోనూ అడగొచ్చు. అడగడానికి చట్టమంతా చదివిన మనిషి కావాలి.

సోలార్ విషయానికొస్తే ఇంకా సులువు చేశారు. సోలార్ ప్లాంటుకు 2006 ఈఐఏ నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి అక్కర్లేదు, కాబట్టి ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు. తీగల లైనుకూ అక్కర్లేదు. ఇక భూసేకరణ చట్టంలో ఉన్న సామాజిక ప్రభావ అంచనాను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2018లో తమ సవరణలతో చాలా రకాల ప్రాజెక్టులకు మినహాయించుకున్నాయి. ఎన్.పి. కుంటలోనైనా ఓర్వకల్లులోనైనా వేల ఎకరాలు పలకల కింద పరుచుకున్నాయంటే మధ్యలో ఊరితో మాట్లాడాల్సిన మెట్లు ఒక్కొక్కటే తీసేశారు కాబట్టి. పచ్చ కరెంటుకు మేము వ్యతిరేకం కాదు. బోరు మోటారుకు కరెంటు కావాల్సింది మనకే. గొర్రెలు మేసే నేలను బీడు అని రాసుకుని తీసుకోవడానికి మాత్రం వ్యతిరేకం.

ఇప్పుడు మనవైపు లాయర్ల గురించి కాస్త కటువుగానే మాట్లాడాలి. అవార్డు వచ్చాక ఊళ్లోకి వచ్చి 'ఎంత పెరిగితే అందులో నాకింత' అని కాగితం రాయించుకునే పద్ధతి మన జిల్లాల్లో మామూలైపోయింది. కేసు ఫలితాన్ని బట్టి ఫీజు ఒప్పుకోవడం, వచ్చే సొమ్ములో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల ప్రకారం నిషిద్ధం. అమెరికాలో అది చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు. చేతిలో డబ్బు లేని రైతుకు వేరే దారేముంది అంటారు. నిజమే, ఫీజు ముందే కట్టగలిగితే రైతు ఎందుకవుతాడు? కానీ వాటా లాయరుకు పరిహారం మీద ఆసక్తి ఉంటుంది, భూమి నిలబెట్టడం మీద ఉండదు. భూమి నిలబడితే అతనికి వాటా ఏది? 60 రోజుల అభ్యంతరాల దశలో అతను కనపడకపోవడానికి కారణం బద్ధకం కాదు, లెక్క. ఈ లెక్కను మార్చకుండా లాయర్లను తిట్టి లాభం లేదు. జిల్లా కోర్టుల్లో బస్సు ఛార్జీలు కూడా తీసుకోకుండా మన కేసులు నడిపే వాళ్లున్నారని కూడా ఇక్కడే చెప్పాలి. వాళ్ల మీద ఎంత బరువు వేస్తున్నామో మనం ఆలోచించడం లేదు.

వేరే రకం జీవితం సాధ్యమేనని చూపడానికి అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం సంగతి చెబుతాం. మొక్కజొన్న, పశువుల రాష్ట్రం అది. కెనడా చమురును మోసుకొచ్చే కీస్టోన్ ఎక్స్‌ఎల్ పైపులైను రైతుల పొలాల గుండా పోవాలన్నారు. కంపెనీ పేరు ట్రాన్స్‌కెనడా. ఒప్పుకోని రైతుకు ఎమినెంట్ డొమైన్ నోటీసు. విదేశీ కంపెనీకి మా భూమి లాక్కునే హక్కెక్కడిదన్నది వాళ్ల ప్రశ్న. ఒమాహా నగరంలో డేవిడ్ డొమైనా అనే లాయరు ఉన్నాడు. అంతకుముందే పెద్ద మాంసం కంపెనీ టైసన్ మీద పశువుల రైతుల తరఫున పోరాడినవాడు. 2004లో ఆ కేసులో జ్యూరీ 128 కోట్ల డాలర్లు ఇవ్వాలంది. జడ్జి దాన్ని కొట్టేశాడు, పైకోర్టులోనూ నిలవలేదు. అంతటి ఓటమి తర్వాత వేరొకరైతే కంపెనీల పక్కకు జరిగేవాడు. డొమైనా తన సహచరుడు బ్రయన్ జార్డ్‌తో కలిసి పైపులైను రైతుల వకాలత్ తీసుకున్నాడు.

వాళ్లు చేసిన మొదటి పని ఏమిటో గమనించండి. రైతుల్ని విడివిడిగా సంతకాలు పెట్టనివ్వలేదు. భూయజమానులు ఒక సంఘంగా కట్టుకుని, ఒకే లాయరు ద్వారానే కంపెనీతో మాట్లాడారు. రెండో పని, రేటు దగ్గర కాకుండా అధికారం దగ్గర దెబ్బ కొట్టడం. పైపులైను దారిని గవర్నరు ఖాయం చేయవచ్చని 2012లో చేసిన చట్టం రాజ్యాంగానికి విరుద్ధమని ముగ్గురు భూయజమానుల పేరున దావా వేశారు. 2014 ఫిబ్రవరిలో కింది కోర్టు అవునంది. 2015 జనవరి 9న రాష్ట్ర సుప్రీంకోర్టులో ఏడుగురు జడ్జీల్లో నలుగురు రైతుల పక్షాన తేల్చారు. కానీ ఆ రాష్ట్రంలో ఒక చట్టాన్ని కొట్టేయాలంటే అయిదుగురు కావాలి. నలుగురు చెప్పినా ఓడిపోయారు! మన దగ్గరైతే ఊరంతా కుంగిపోయేది. వాళ్లు మర్నాటి నుంచి ఒక్కో రైతు మీద వేసిన భూసేకరణ కేసుల్ని ఒక్కో కౌంటీ కోర్టులో ఎదుర్కొన్నారు. ఆ ఏడాదే కంపెనీ ఆ కేసుల్ని వెనక్కి తీసుకుని దారి అనుమతి కోసం రాష్ట్ర కమిషన్ దగ్గరకు వెళ్లింది. 2017లో కమిషన్ 3-2 ఓట్లతో అనుమతిచ్చింది, అదీ కంపెనీ కోరిన దారిలో కాదు. 2019లో కోర్టు ఆ అనుమతిని సమర్థించింది, రైతులు మళ్లీ ఓడారు. ఈలోపు ఏళ్లు గడిచాయి. 2021 జనవరి 20న కొత్త అధ్యక్షుడు అనుమతి రద్దు చేశాడు, జూన్‌లో కంపెనీ ప్రాజెక్టునే వదిలేసింది. కోర్టు తీర్పుల్లో ఎక్కువ శాతం ఓడిపోయిన లాయరు, పైపు రాని పొలాలు. అధ్యక్షుడు మారడం వల్లే కదా అంటారా? అధ్యక్షుడు మారేదాకా పైపు వేయనివ్వకుండా ఆపిందెవరు? రోడ్ల మీద ఉద్యమం, కోర్టులో వాయిదాలు రెండూ కలిసే.

ఆ తర్వాత కార్బన్ డయాక్సైడ్ పైపులైన్లు వచ్చాయి. అదే ప్రాంతంలో అదే లాయర్లు మళ్లీ రైతుల వైపు నిలబడ్డారు. పక్క రాష్ట్రం సౌత్ డకోటా 2025 మార్చిలో కార్బన్ పైపులైన్లకు ఎమినెంట్ డొమైన్ వాడకూడదని చట్టమే చేసింది. అక్కడి రైతులకు ఉన్న ఎకరాలు, డబ్బు మనకు లేవు, తెలుసు. ఒక్క వకాలత్‌నామా మీద ఊరంతా సంతకం పెట్టడానికి ఎకరాలతో పనిలేదు.

మన గడ్డ మీదా ఇలాంటి వాళ్లున్నారు. బాలగోపాల్ గురించి మన పాఠకులకు చెప్పాల్సిన పనిలేదు. గణితంలో డాక్టరేట్, కాకతీయ యూనివర్సిటీలో పాఠాలు, పౌరహక్కుల పోరాటం. ఆ తర్వాత నడివయసులో నల్లకోటు వేసుకున్నాడు. నిర్వాసితులు, ఆదివాసులు, భూములు పోయిన రైతులు ఆయన క్లయింట్లు. చట్టం పాలకులదే అని అందరికంటే బాగా తెలిసిన మనిషే ఆ చట్టాన్ని అక్షరం అక్షరం చదివి కోర్టులో నిలబడ్డాడు. 2009 అక్టోబరు 8న వెళ్లిపోయాడు. ఆయన స్థానంలో జిల్లాకొకరు ఉండాల్సిన చోట రాష్ట్రానికి ఇద్దరు ముగ్గురైనా ఉన్నారా అన్నది మన ప్రశ్న. ఏజెన్సీలో ప్రైవేటు గనుల లీజుల్ని ఆపిన 1997 సమతా తీర్పు ఎక్కడి నుంచి పుట్టింది? సర్కారు కూడా 1/70 చట్టం దృష్టిలో 'వ్యక్తే', కాబట్టి ఆదివాసీ ప్రాంతపు భూమిని ఆదివాసేతరులకు ఇవ్వలేదు అన్న ఒక్క వాదన మీద. ఆ ఒక్క మాట పట్టుకోవడానికి ఎవరో ఆ చట్టాన్ని కూర్చుని చదివారు.

సంఘంలో సీనియర్లు మాతో వాదిస్తారు: కోర్టు మనది కాదు, మనది రోడ్డు, లాయర్ల చుట్టూ తిరిగితే ఉద్యమం చల్లబడుతుంది, వాయిదాకు వాయిదాకు మధ్య జనం ఇంటికెళ్లిపోతారు అని. ఈ మాటలో సగం నిజముంది. 2020 మార్చిలో ఇండోర్ కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం పాత భూసేకరణలు రద్దయ్యే దారిని ఎంత ఇరుకు చేసిందో చూశాం. పరిహారం ఖజానాలో వేసి ఉంచితే చాలు, రైతు చేతికి అందకపోయినా చెల్లించినట్టే అన్నంత దాకా పోయింది. అంతకు ముందు తీర్పులు నమ్ముకుని ఆశ పెట్టుకున్న వేల కుటుంబాలకు ఒక్కరోజులో తలుపు మూసుకుపోయింది. కోర్టునే నమ్ముకోమని మేము ఎన్నడూ అనం.

కానీ సోంపేట చూడండి. బీల నేలల్లో 2640 మెగావాట్ల థర్మల్ ప్లాంటు కడతామన్నారు. వరి పండే, చేపలు దొరికే, ఎత్తిపోతలతో ఊళ్లకు నీరందే తంపర నేలను పనికిరాని భూమిగా కాగితాల మీద చూపారు. జనం ఊరూరా దీక్షలు చేశారు. అదే సమయంలో పర్యావరణ అనుమతి మీద ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీలో అప్పీలు నడిచింది. 2010 జులై 14న పోలీసులు కాల్పులు జరిపి ప్రాణాలు తీశారు. అదే రోజున అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. అప్పీలు లేకపోతే ఆ రక్తం చిందాక కూడా పునాదులు పడేవి. జనం లేకపోతే ఆ అప్పీలును ఢిల్లీలో ఎవరూ పట్టించుకునేవారు కాదు. మరుసటేడు ఫిబ్రవరి 28న కాకరాపల్లిలోనూ కాల్పులు జరిగాయి. రోడ్డు ముఖ్యమా కోర్టు ముఖ్యమా అన్న వాదన ఆ ఊళ్ల వాళ్ల ముందు చేయడానికి మాకు నోరు రాదు.

ఇప్పుడు ఆ అథారిటీ లేదు, 2010 చట్టంతో జాతీయ హరిత ట్రిబ్యునల్ వచ్చింది. మనకు చెన్నై బెంచి. పర్యావరణ అనుమతి మీద అప్పీలుకు 30 రోజులు, తగిన కారణం చూపితే ఇంకో 60. తొంభై దాటితే ట్రిబ్యునల్‌కే అధికారం లేదు. అనుమతి వచ్చిందని పేపర్లో పడ్డ ప్రకటనను కత్తిరించి తారీకు రాసిపెట్టేవాళ్లు మండలానికి ఒక్కరుంటే చాలు. ఈ పనికి ఎల్ఎల్‌బీ అక్కర్లేదు.

కాబట్టి సంఘం ముందు మేము పెడుతున్న పని ఇది. ప్రతి జిల్లాలో ఒక న్యాయ విభాగం. అందులో జీతం ఇచ్చి పెట్టుకున్న ఒక్క లాయరైనా ఉండాలి, వాటా లాయరు కాదు. సభ్యత్వ రుసుములో కొంత దానికి పక్కన పెట్టాలి. సభలకు పందిళ్లు, ఫ్లెక్సీలు తగ్గించుకుంటే దొరికే డబ్బే అది, కొత్తగా వసూలు చేయాల్సింది కాదు. కరెంటు, భూమి, పర్యావరణం మూడూ ఆ ఒక్కరే చదవాలి, వేరువేరుగా కాదు. రైతుబిడ్డలు లా చదువుతున్నారు, అయితే చాలామంది క్రిమినల్ వైపో, హైదరాబాదులో కంపెనీ ఆఫీసుల వైపో పోతున్నారు. వాళ్లలో ఇద్దరు ముగ్గుర్ని ఎంచి, సీనియర్ల దగ్గర రెండేళ్లు కూర్చోబెట్టే ఖర్చు సంఘం భరించాలి. పేరున్న కంపెనీ లాయరు కెరీర్ పాతికేళ్లలో తయారైంది. మన లాయరు కూడా పాతికేళ్లు తీసుకుంటాడు. ఈ ఏడు మొదలుపెట్టకపోతే ఆ పాతికేళ్లు ఎప్పటికీ మొదలుకావు.

ఆలోగా చేతిలో ఉన్నవి వాడుకుందాం. భూమి ఆడవాళ్ల పేరున ఉంటే 1987 న్యాయ సేవల చట్టం సెక్షన్ 12 కింద ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరు హక్కు. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకూ అంతే. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుంటుంది. ఆ లాయరుకు భూసేకరణ తెలియకపోవచ్చు. తెలిసేలా కాగితాలు సిద్ధం చేసి ఇచ్చే బాధ్యత మన శాఖలది. లైను దారి ఎటు పోతుందో చూపే మ్యాపు, సెక్షన్ 164 ఉత్తర్వు కాపీ, భూమి విలువ కట్టిన కాగితం - ఈ మూడింటి కోసం పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తు ప్రతి ఊరి నుంచీ పోవాలి. టవర్ల సర్వే జరుగుతున్న మండలాల్లో ఇది వచ్చే నెలకు వాయిదా వేయాల్సిన పని కాదు.

ఈ నెల శాఖ సమావేశానికి వచ్చేటప్పుడు మీ ఊళ్లో ఎవరికైనా వచ్చిన నోటీసుల జిరాక్సులు తీసుకురండి. లైనుదైనా, పైపుదైనా, భూసేకరణదైనా సరే. నోటీసు ఏ రోజు చేతికందిందో దాని వెనక పెన్నుతో రాయండి. కవరు ఉంటే పారేయకండి, పోస్టు ముద్ర పనికొస్తుంది. ఏ సంతకమైనా పెట్టాల్సి వస్తే ముందు మాకు ఫోన్ చేయండి. చెక్కు తీసుకోక తప్పకపోతే సంతకం పైన 'అభ్యంతరంతో తీసుకుంటున్నాను' అని మీ చేత్తో రాసి, ఆ కాగితాన్ని ఫొటో తీసి పెట్టుకోండి.